లింగయ్య మామ తీసేసిన గాజుపలక

లింగయ్య మామ చేతికి కెమెరా ఇస్తే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకునేవాడు. మీట నొక్కి, లోపలి తెర తెరుచుకుని మూసుకునే చప్పుడు వినేవాడు. మళ్ళీ నొక్కేవాడు. "దీనికి జలుబు చేసినాది" అనో, "నిద్రపోతాంది" అనో చెప్పి, ఆ తర్వాతే బల్ల మీద పెట్టి స్క్రూడ్రైవర్ అందుకునేవాడు.

నంద్యాలలో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో మహేష్ అన్న ఫోటో స్టూడియో ఉండేది. దాని ముందరి వసారాలో మామ బల్ల. లోపలి గదిలో కంప్యూటర్ ముందు నేను. పెళ్ళి ఆల్బమ్‌లకు పేజీలు కూర్చడం, మొహాల మీద మచ్చలు తుడిచి రంగులు సరిచేయడం నా పని. పదో తరగతి మధ్యలో బడి మానేశాక ఆ పని నేర్చుకున్నాను. నా కుర్చీ నుంచి కిటికీలో మామ కుడిచెయ్యీ, సగం వీపూ, బల్ల మీద దీపమూ కనిపించేవి. నాకు మాటలు తక్కువ. పేజీ పేజీకీ మధ్య కంప్యూటర్ ఆలోచించుకునే వేళల్లో అటే చూస్తూ కూర్చునేదాన్ని.

మామది ఉయ్యాలవాడ దగ్గర పల్లె. శనగ పండే నల్లరేగడి ఉన్న ఇల్లు. పొలం పని వంటబట్టక నంద్యాల వచ్చి, పెళ్ళిళ్ళలో ఫ్లాష్ పట్టుకోవడానికి ఒక స్టూడియోలో చేరాడు. ఒక పెళ్ళిలో తాళి కట్టే వేళకు కెమెరా బిగుసుకుపోయిందట. ఫోటోగ్రాఫర్ చెమటలు తుడుచుకుంటుంటే ఈయన పక్కనున్న ఆడమనిషి తలపిన్ను అడిగి తీసుకుని లోపల ఏదో కదిపాడట. మరుసటి పెళ్ళికి ఫ్లాష్ పట్టుకునే మనిషి మారాడు. ఈయన బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ బల్ల ఖాళీగా ఉన్నది లేదని మహేష్ అన్న చెప్పేవాడు. కోయిలకుంట్ల, బనగానపల్లె, ఆళ్లగడ్డ ఫోటోగ్రాఫర్లందరూ మామ దగ్గరికే వచ్చేవాళ్ళు. వానలు వెళ్ళగానే బూజు పట్టిన లెన్సులు వచ్చేవి. శివరాత్రి ముందు యాగంటిలో ఫోటోలు తీసేవాళ్ళు సంచుల్లో కెమెరాలు తెచ్చి వరుసగా కూర్చునేవాళ్ళు.

నేను చేరేనాటికి ఆ వరుస లేదు. డిజిటల్ కెమెరాలు వచ్చాయి. వాటిలో చిన్నవాటికి లోపల చప్పుడే లేదు. ఉన్న చప్పుడు కూడా స్పీకర్‌లోంచి వచ్చే దొంగచప్పుడు. మామ ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని విని, మొహం అదోలా పెట్టి తిరిగి ఇచ్చేశాడు. చెడిపోతే వాటిని హైదరాబాద్ పంపేవాళ్ళు. మామ బల్ల మీద పాత కెమెరాలు, ఎవరూ వచ్చి తీసుకుపోనివి, గుడ్డ కప్పుకుని ఉండేవి.

భూదేవి అత్త, అంటే మామ భార్య, తనకు తెలిసినవాళ్ళను పట్టుకుని ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర పని చూసింది. లారీలు వచ్చినప్పుడు గేటు తీయాలి, పోయినప్పుడు వేయాలి. ఆ మిల్లు గుమాస్తా రంగయ్య సైకిల్ మీద వచ్చి, దిగకుండానే కాలు ఆనించి, ఎప్పుడు చేరతావని అడిగిపోయేవాడు. మామ ప్రతిసారీ చూద్దాంలే అనేవాడు. చూడటానికి ఏముందో నాకు తెలిసేది కాదు. బహుశా ఆయనకూ తెలిసేది కాదు.

అలా ఉన్నప్పుడు శివకుమార్ ఆచారి వచ్చాడు.

ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కేవాళ్ళలో ఆయన ఒకడు. మనిషి ఎక్కడ కూర్చుంటే అక్కడ తెల్లగా రాతిపొడి రాలేది. చెక్కిన విగ్రహాల ఫోటోలు తీసి దూరపు ఊళ్ళ గుళ్ళవాళ్ళకు పంపడానికి, ఎవరో వాడి అమ్మిన పెద్ద డిజిటల్ కెమెరా కొన్నాడు. దాన్ని కొత్త గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మామ అలవాటుగా చెవి దగ్గర పెట్టుకున్నాడు. దీనికి లోపల నిజమైన తెరే ఉంది. మామ మొహం కొంచెం విప్పారింది.

"ఇది బాగుండాది కదా ఆచారీ."

"బాగుండాదన్నా. లోపల ఒక గాజుపలక ఉంటాది. అది తీసెయ్యాల."

"పగిలిందా?"

"ల్యా."

"బూజు పట్టిందా?"

"ల్యా అన్నా. అదీ బాగుండాది. అది ఉండబట్టే నాకు కనపడల్యా."

మామ కిటికీలోంచి నా వైపు చూశాడు. నేనేదో చెప్తానని కాదు, ఆ మాట విన్నది తానొక్కడే కాదు కదా అని.

ఆచారి జేబులోంచి ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించుకున్న కాగితాలు తీశాడు. ఆయన చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత రాస్తాను. చలికాలంలో పొద్దుగూకినాక తూర్పున వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. మా అవ్వ వాటిని గొల్లకావడి అనేది. వాటి కింద కొంచెం మసకగా, ఆవిరి పట్టినట్టు ఒక చోటు ఉంటుంది. కాగితాల మీది ఫోటోల్లో ఆ మసక ఎర్రగా ఉంది, పండిన దానిమ్మ చీల్చినట్టు. ఆచారి తన కెమెరాతో తీస్తే బూడిదరంగే వచ్చింది. కారణం ఏమిటంటే, కెమెరా తయారుచేసేవాళ్ళు లోపల బొమ్మ పడే చోట ముందర లేత నీలం గాజుపలక ఒకటి పెడతారు. మనుషుల ఒంటి రంగు సరిగ్గా రావాలని అది బాగా ముదురు ఎరుపును ఆపేస్తుంది. ఆకాశంలో ఉన్న ఎరుపు సరిగ్గా ఆ ఆగిపోయే ఎరుపే. పలక తీసేస్తే అది లోపలికి వస్తుంది.

మామ చాలాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ ఎరుపు నీ కంటికి కనపడ్తాదా?"

"కనపడదన్నా."

"నీ కెమెరాకు?"

"దానికీ కనపడదు."

"మరి ఉందని ఎవరు చెప్పినారు?"

"ఈ బొమ్మల్లో ఉండాది గదా."

గల్లాపెట్టె దగ్గర నుంచి మహేష్ అన్న నవ్వాడు. "బొమ్మల్లో ఏమైనా ఉంటాది ఆచారీ. మా పాపకియ్యి, ఇప్పుడే ఎర్రగా చేసిస్తాది. పెళ్ళికూతుళ్ళను తెల్లగా చేసేది ఎవురనుకున్నావ్?"

ఆచారి నవ్వలేదు. అట్ల చేసుకునేదానికైతే ఇంత దూరం రానక్కర్లేదన్నాడు. మామ తాను ఇలాంటిది ఒక్కటి కూడా తెరవలేదని, చెడిపోతే తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. ఆచారి కొంచెం ఆలోచించి, రాయి కూడా ఒక్కోసారి ఆఖరు దెబ్బకే పగులుతుందని, అయినా ఆ దెబ్బ కొట్టక తప్పదని అన్నాడు. కెమెరా వదిలిపెట్టి బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే రంగయ్య వచ్చాడు. ఈసారి మామ చూద్దాంలే అనలేదు.

"ఈ కెమెరా తేలనీప్పా. దీన్ని తెరిచి మూసినాక పనిచేసిందంటే నేను ఈడనే ఉంటా. లేదంటే నీ గేటు కాడికి వస్తా."

రంగయ్య ఆ కెమెరా వైపు చూసి, అది బాగానే ఉన్నట్టుంది కదా అన్నాడు. అవును బాగానే ఉందన్నాడు మామ. రంగయ్య ఏమీ అర్థం కాక సైకిల్ తొక్కుకుంటూ పోయాడు.

మామ కెమెరా తెరిచిన రోజు నేను ఆల్బమ్ పని ఏమీ చేయలేదు. ఆయన వసారాలో నీళ్ళు చల్లి దుమ్ము అణిచాడు. ఫ్యాన్ ఆపించాడు. ఫ్లాష్ దగ్గర దాగి ఉండే కరెంటును ఒక చిన్న బల్బు తగిలించి ఖాళీ చేశాడు. దాని దెబ్బ ఫ్లాష్ పట్టుకున్న నాటి నుంచీ తిన్న మనిషి. తీసిన మరలను తీసిన వరుసలోనే ఒక టేపు పట్టీ మీద అంటించుకుంటూ పోయాడు. లోపల గోరంత వెడల్పు లేని, కరెంటు మోసే పల్చటి పట్టీలు, కాగితం లాంటివి, చిన్న చిన్న నల్ల గొళ్ళాల కింద దూరి ఉన్నాయి. ఒక గొళ్ళెం అంచు చిట్లింది. మామ చెయ్యి గాలిలో ఆగిపోయింది. చాలాసేపటికి, "ఇది మళ్ళీ ఒకసారికి ఓర్చుకోదు. ఇంకోసారి తెరిస్తే ఇరుగుతాది" అన్నాడు, ఎవరికో చెప్తున్నట్టు.

గాజుపలక బయటికి వచ్చింది. తీసి దీపం ముందర పట్టుకుంటే అది నిజంగానే లేత నీలంగా ఉంది, వాన వెలిసిన తర్వాత గుంటలో నీళ్ళలాగా. దాన్ని తీసి ఊరుకుంటే కాదని మామ అన్నాడు. నీళ్ళలో గులకరాయి ఉన్నచోటు కంటే పైకి కనపడినట్టు, గాజు వెనక బొమ్మ పడే చోటు కూడా కొంచెం జరుగుతుందట. గాజు లేకపోతే అన్నీ మసకగా వస్తాయట. అందుకని అంత మందంలోనే తెల్ల గాజు కావాలి. ఫ్రేములకు వేసే గాజు మందం ఎక్కువ, అంచున పచ్చదనం. పక్క వీధిలో రక్తపరీక్షలు చేసే చోట పనిచేసే దెబోరా అక్క, రక్తపుచుక్క పూసి చూసే గాజుపలక ఒకటి కొత్తది ఇచ్చింది. కెమెరాకు రక్తపరీక్ష ఏమిటని ఆమె నన్ను అడిగింది. నవ్వి వచ్చేశాను.

మామ ఫ్రేములవాళ్ళ వజ్రపు కొనతో దాన్ని కొలతకు కోసి, తుడిచి, లోపల కూర్చోబెట్టి మూశాడు. ఆచారికి కబురు చేశాడు.

ఆచారి వచ్చాక ఒక చిక్కు వచ్చింది. మామ గోడ మీది క్యాలెండర్ వైపు కెమెరా ఎత్తి నొక్కబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. విగ్రహం చెక్కడంలో ఆఖరున కళ్ళు తెరుస్తారు. తెరిచిన కంటికి మొదట అద్దం చూపిస్తారు, ఆవునూ దూడనూ చూపిస్తారు. ఆ మొదటి చూపు మనిషి మీద గానీ అడ్డమైనవాటి మీద గానీ పడకూడదు. ఇదీ కన్నే కదా, కొత్తగా తెరిచింది కదా అన్నాడు ఆచారి.

"కెమెరాకు గుడి కట్టేట్లుండారే" అన్నాడు మహేష్ అన్న.

"గమ్మునుండు మహేషూ. ఆయన వస్తువు, ఆయన ఇష్టం" అన్నాడు మామ. ఆవును ఎక్కడ తెచ్చేది గనుక అద్దంతో సరిపెట్టుకున్నారు. స్టూడియోలో ఫోటో దిగేవాళ్ళు తల దువ్వుకునే అద్దం ఉంది. ఆచారి దాన్ని తుడిచి, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టి, గోడకు ఆనించాడు. మామ కెమెరా కంటికి పెట్టుకుని అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చుని నొక్కాడు.

కెమెరా వెనక చిన్న తెర మీద బొమ్మ వచ్చింది. ముగ్గురూ వంగి చూశారు. మొత్తం ఎర్ర మట్టినీళ్ళలో ముంచినట్టు ఉంది. వెనక వేలాడే ఆకుపచ్చ పరదా వంగపండు రంగుకు తిరిగింది. అదంతా ముందే అనుకున్నదే. కానీ అద్దంలో ఉన్న మామ మొహం ముద్దగా, కళ్ళూ ముక్కూ కలిసిపోయి ఉంది. చేతిలో కెమెరా కూడా అంతే.

"పోయినాది" అన్నాడు మామ.

ఆయన బల్ల దగ్గరికి పోయి కూర్చుని, దీపం వేసి, టేపు పట్టీ ముందర పెట్టుకుని స్క్రూడ్రైవర్ తీశాడు. గాజు మందం తప్పింది, ఇంకొంచెం పల్చటిది వేయాలి అంటున్నాడు. మళ్ళీ తెరిస్తే గొళ్ళెం ఇరుగుతుందని అన్నది ఆయనే. ఆ సంగతి ఆయనకు గుర్తుందో లేదో ఆయన వీపు చూస్తే తెలియలేదు. ఆచారి వద్దనలేదు, తెరవమనీ అనలేదు. మొదటి బొమ్మ మాత్రం పోకుండా దాచిపెట్టమని కెమెరాలోని కార్డు తీసి నా చేతికిచ్చాడు.

నేను దాన్ని కంప్యూటర్‌లో పెట్టాను. మొహాల మీద మచ్చలు వెతికి వెతికి నాకు ఏ బొమ్మనైనా పెద్దది చేసి చూడటం అలవాటు. పెద్దది చేశాను. మామ మొహం ఇంకా ముద్దగా కనిపించింది. అలా జరుపుకుంటూ పోతుంటే మధ్యలో కుంకుమ బొట్టు వచ్చింది. దాని అంచు కత్తితో కోసినట్టుంది. కుంకుమ పొడి రేణువులు, ఆచారి వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి.

ఒకే బొమ్మలో ఒకటి ఇంత తేటగా, ఇంకొకటి అంత మసకగా ఎందుకుంది? చెప్పాలా, చెప్తే నవ్వుతారా అనుకున్నాను. బయట మొదటి మర తిరిగిన చప్పుడు వినిపించింది. కిటికీ దగ్గరికి పోయాను.

"మామా, బొట్టు బాగుంది."

ఆయన తలెత్తలేదు. "బొట్టు బాగుంటే ఏం పాపా, మనిషి కనపడల్యా."

"బొట్టులో పొడి కూడా కనపడ్తాంది మామా. ఒకసారి వచ్చి చూడు. మర తియ్యొద్దు."

అంత పెద్ద మాట నేనక్కడ అంతకు ముందెప్పుడూ అనలేదేమో, మహేష్ అన్న కూడా తిరిగి చూశాడు. మామ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. బొట్టు చూశాడు. తన మొహం చూశాడు. మళ్ళీ బొట్టు చూశాడు. పోయి అద్దం ముందు నిలబడి, చూపుడువేలు అద్దం మీద పెట్టి, వెనక్కి జరిగి, ముందుకు జరిగి, తనలో తాను ఏదో లెక్క వేసుకున్నాడు.

అద్దంలో మనిషి అద్దం మీద ఉండడట. మనం దాని ముందర ఎంత దూరం ఉంటే, దాని వెనక అంత దూరం ఉన్నట్టట. ఈ కెమెరా దూరం తానే చూసుకుని, నడిమధ్యన ఉన్న బొట్టును పట్టుకుంది. అంటే అద్దం దగ్గరే ఆగింది. అద్దానికి వెనక దూరంగా ఉన్నట్టున్న మామ మొహం మసకబారింది. ఫిల్మ్ కెమెరాతో ఆ తప్పు ఆయన పట్టేసి ఉండేవాడేమో. ఆ రోజు ముందే భయపడి ఉన్నాడు. ఆయన అలా చెప్తుంటే ఆచారి తల ఊపాడు గాని, లేని మనిషి దూరం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు.

మామ ఒక దినపత్రిక తెచ్చి గోడకు అంటించి నొక్కాడు. అక్షరాలు తేటగా వచ్చాయి. కాగితం గులాబీరంగులో ఉంది, అంతే. మామ తీసిన మరను తిరిగి బిగించాడు. ఆచారి కెమెరా గుడ్డలో చుట్టుకుని పోయాడు. నేను ఇక అయిపోయిందనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి నడకలోనే సంతోషం ఉంది. కార్డు నాకు ఇచ్చి కంప్యూటర్‌లో పెట్టమన్నాడు. నల్లటి ఆకాశం, వరసగా మూడు చుక్కలు, వాటి కింద ఎర్రటి మచ్చ. చిన్నదే. కానీ ఎరుపే. కాగితాల మీది బొమ్మ పక్కన పెట్టి చూపించాడు. చోటు సరిగ్గా అదే. తీసిన ఫోటోలన్నిట్లోనూ ఉంది.

మామ మొహం మాత్రం వాడిపోయింది. అన్నీ మళ్ళీ మళ్ళీ చూపించమన్నాడు. అన్నిట్లోనూ మచ్చ ఒకే చోట ఉందా అని అడిగాడు. ఉంది. ఆచారి విగ్రహాన్ని నిలబెట్టినట్టు ప్రతిసారీ ఆ మూడు చుక్కలనూ సరిగ్గా నడిమికే తెచ్చి తీశాడు.

"ఇది బెజ్జం, ఆచారీ" అన్నాడు మామ.

పాత కెమెరాల్లో ఎక్కడైనా సందు పడితే వెలుతురు దూరి ఫిల్మ్ మీద ఇలాంటి ఎర్రమచ్చే పడేదట. అదీ ప్రతి ఫోటోలో ఒకే చోట. అలాంటి సందులు మూయడం ఆయన జీవితమంతా చేసిన పని. ఈ కెమెరా మూసేటప్పుడు లోపల ఒక నల్ల స్పాంజి ముక్క సరిగ్గా కూర్చోలేదేమోనని ఆయనకు మొదటి నుంచీ అనుమానం. అది ఇప్పుడు బయటపెట్టాడు.

"కాగితంలో ఉన్న చోటే ఉండాది కదన్నా" అన్నాడు ఆచారి.

"బెజ్జం కూడా ఆడనే పడి ఉండొచ్చు."

మహేష్ అన్నకు విసుగొచ్చింది. ఎరుపు కావాలన్నాడు, ఎరుపు వచ్చింది, కోరుకున్నది వచ్చినాక ఏడ్చేవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నానన్నాడు. మామ ఆయన వైపు తిరిగి, నిదానంగా, దాదాపు బతిమాలుతున్నట్టు చెప్పాడు.

"నేను తప్పు చేసి, ఆ తప్పే ఒప్పు మాదిరి కనపడ్తాందేమో మహేషూ. అది తేల్చుకోకుండా రేపు ఇంకొకరి కెమెరా ఏం మొహం పెట్టుకోని తెరిచేది? దాని కంటే గేటు మేలు."

అప్పుడు నాకు తెలిసింది, అక్కడ ఆయన అడుగుతున్నది ఆకాశం గురించి కాదని. మచ్చ ఆకాశంలో ఉందో, తన చేతిలో ఉందో ఆయనకు తెలియాలి. సంతోషించాలో వద్దో ఎవరికీ తెలియక అందరం ఆ ఎర్రమచ్చను చూస్తూ కూర్చున్నాం. ఆఖరికి మామే ఉపాయం చెప్పాడు. కెమెరాను పక్కకు పడుకోబెట్టి తీయాలి. సందు అయితే కెమెరాతోనే ఉంటుంది, కాబట్టి మచ్చ బొమ్మలో ఉన్నచోటే ఉంటుంది. ఆకాశానిదైతే చుక్కలతో పాటు తిరుగుతుంది. తాను దగ్గరుండి చూస్తానన్నాడు.

మా ఇల్లు ఆళ్లగడ్డలోనే. ఆదివారాలు పోతుండేదాన్ని. ఆ ఆదివారం మామ కూడా నాతో బస్సు ఎక్కాడు. దారి పొడుగునా ఒడిలో చేతులు పెట్టుకుని, బొటనవేలితో రెండో చేతి వేళ్ళను ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటూ కూర్చున్నాడు.

పొద్దుగూకినాక ఒంటరిగా పంపనని మా అమ్మ వెంకటమ్మ కూడా శిల్పశాలకు తోడు వచ్చింది. సగం చెక్కిన విగ్రహాలు, ఇంకా కళ్ళు లేనివి, వసారాలో వరుసగా నిలబడి ఉన్నాయి. తూర్పున మూడు చుక్కలు అప్పటికే పైకి వచ్చాయి గాని వీధి దీపాల వెలుగులో ఆకాశం పాలిపోయి ఉంది. ఆ రోజుల్లో సాయంత్రాలు కరెంటు కోత ఉండేది. ఎప్పుడు పోతుందా అని మేము ఎదురుచూస్తున్నాం.

"కరెంటు రావాలని మొక్కుకుంటారు గాని పోవాలని మొక్కేవాళ్ళను ఇప్పుడే చూస్తాండా" అంది అమ్మ.

కరెంటు పోయింది. ఒక్కసారిగా చుక్కలు దగ్గరికి వచ్చినట్టయింది. పక్కిళ్ళలో అగ్గిపుల్లలు గీసిన చప్పుళ్ళు వినిపించాయి. ఆచారి కెమెరాను స్టాండ్ మీద బిగించి మామూలుగా ఒక ఫోటో తీశాడు. మూడు చుక్కలు, కింద మచ్చ.

"ఇప్పుడు పక్కకు పడుకోబెట్టు" అన్నాడు మామ.

ఆచారి తిప్పి బిగించాడు. నొక్కి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. తెర తెరుచుకున్న చప్పుడైంది. మేమంతా ఊపిరి తీస్తే కెమెరా కదులుతుందేమో అన్నట్టు నిలబడ్డాం. తెర మూసుకుంది.

బొమ్మలో చుక్కల వరస పక్కకు ఒరిగింది. మచ్చ ఇందాక ఉన్నచోట లేదు. చుక్కల వెంటే పోయి, వాటికి అటుపక్కన ఉంది. మామ నమ్మలేదు. తలకిందులుగా పెట్టి తీయమన్నాడు. ఆచారి స్టాండ్ వదిలేసి, ఒక రాతిదిమ్మె మీద గుడ్డ పరిచి, కెమెరాను తలకిందులుగా ఆనించి తీశాడు. మచ్చ చుక్కల పైకి ఎక్కింది.

"బెజ్జం కాదు" అన్నాడు మామ.

"మరేందప్పా అది?" అంది అమ్మ.

మామ ఆచారి వైపు చూశాడు. అది ఒకరకం మబ్బు అని చదివానని ఆచారి చెప్పాడు. చాలా దూరం అన్నాడు. అమ్మ తలెత్తి ఆకాశంలో చూసింది. నేనూ చూశాను. ఎర్రగా ఏమీ లేదు.

"మబ్బు అంత ఎర్రగా ఉంటే మనకేంటికి కనపడదు?"

"మన కండ్లు కూడా ఆ గాజుపలక మాదిరే అనుకో వెంకటమ్మా. ఆ ఎరుపు మనకు అందదు" అన్నాడు మామ.

"అయితే మన కండ్లలోది యాడ తీపిచ్చుకోవాల? నంద్యాలలోనేనా?"

ఆచారి గట్టిగా నవ్వాడు. నేను ఆయన నవ్వు వినడం అదే మొదలు. మామ నవ్వలేదు. కెమెరా చేతిలోకి తీసుకుని ఆ తలకిందుల ఫోటోనే చూస్తున్నాడు. వెనక తెర ఆరిపోతే నొక్కి వెలిగించుకుంటున్నాడు. కరెంటు వచ్చి వీధంతా తెల్లబడినా ఆయన చూస్తూనే ఉన్నాడు.

మరుసటి రోజు రంగయ్య వచ్చాడు. ఈసారి సైకిల్ దిగి స్టాండ్ వేశాడు. మిల్లులో ఇంకొక మనిషి అడుగుతున్నాడని, ఏదో ఒకటి చెప్పమని అన్నాడు.

"ఆయన్నే పెట్టుకోండప్పా. నేను ఈడనే ఉంటా" అన్నాడు మామ.

"కెమెరా బాగైందా?"

"ముందే బాగుండె."

"మరి నువ్వేం చేసినావు?"

"లోపల ఒక గాజుపలక తీసినా."

"చెడిపోయినాదా అది?"

"ల్యా. మంచిదే."

రంగయ్య సైకిల్ సీటు మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడేమైతాది దానితో?"

"ఎర్రగా ఉండేది ఎర్రగా కనపడ్తాది. ఆకులు మాత్రం వంగపండు రంగులో వస్తాయి. మనుషులు కూడా బాగా రారు."

రంగయ్య మామ మొహం చూసి, తర్వాత కిటికీలోంచి నన్ను చూశాడు. ఈ పెద్దమనిషికి ఒంట్లో బాగానే ఉందా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు. నాకు నవ్వొచ్చింది. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. ఆయన సైకిల్ స్టాండ్ తీసి వెళ్ళిపోయాడు.

మామ బల్ల మీద పాత కెమెరాల మీది గుడ్డ తీసి దులిపాడు. వాటిని ఒక్కొక్కటే పెట్టెలోకి సర్ది, బల్ల తడిగుడ్డతో తుడిచాడు. ఒక పెళ్ళిలో కిందపడి, లెన్సు లోపలికి పోక నోరు మూతపడని డిజిటల్ కెమెరా ఒకటి, హైదరాబాద్ పంపాల్సినదాన్ని, మహేష్ అన్న బీరువాలోంచి తెచ్చి ఆయన ముందర పెట్టాడు. నవ్వకుండానే పెట్టాడు.

"చూస్తావా మామా?"

"చూస్తా. తెలుస్తాదని చెప్పను" అన్నాడు లింగయ్య మామ. నన్ను ఫ్యాన్ ఆపమన్నాడు.